చలి విడిచే గంట

పిల్లలూ, మీ ఫోటో తాత పోయాడు. మా ఖాజా అన్న. శుక్రవారం పొద్దున ఆయన కోడలు రెహానా మన గడపలో నిలబడి, "అవ్వా, మామ లేవడంలా" అంది. నేను కత్తిపీట ముందు చేప కోస్తున్నాను. వేలు తెగింది కూడా తెలియలేదు. ఆ పిల్ల చూసి అరిస్తేనే నెత్తురు చూసుకున్నాను.

మీరు అండమాన్లో పుట్టి పెరిగారు. సెలవులకు విడవలూరు వైపు మన పాలేనికి వచ్చినప్పుడు మీకు ఫోటో తీసి, అది కెమెరాలోంచి బయటికి రాగానే "విదిలించబాకండి!" అని కసిరే వంకర చెయ్యి ముసలాయనగానే ఆయన మీకు తెలుసు. ఆ చెయ్యి ఎందుకు వంకరపోయిందో మీ నాన్న మీకు చెప్పి ఉండడు. నేను చెబుతాను.

పాలెం మొదట్లో ఆయనకు ఒక గది, ఒక ఫ్రిజ్ ఉండేవి. గది ఊడ్చడానికి చేరి, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఆ ఫ్రిజ్‌లో మంచినీళ్లు పెట్టినా ఊరుకునేవాడు కాదు. అది ఫిల్ముకే, నొక్కగానే ఫోటో బయటికొచ్చే ఆ కెమెరా ఫిల్ముకే. మద్రాసు నుంచి ఏడాదికోసారి తెచ్చిన ప్యాకెట్లను రేకు డబ్బాలో అడ్డంగా పడుకోబెట్టి, వాటిమీద ఏమీ బరువు పెట్టకుండా, సముద్రపు తేమ తగలకుండా వేయించిన బియ్యం గుడ్డలో కట్టి పక్కన పెట్టేవాడు. పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి.

మనం చేపల వాళ్లం కదా, ఎంత ఐసు వేస్తే అంత మంచిదని మన నమ్మకం. చేరిన కొత్తలో నేను ఆయనకు సాయం చేద్దామని ప్యాకెట్లన్నీ పైఅరలోకి, ఐసు గడ్డకట్టే చోటికి మార్చాను. మర్నాడు అది చూసి పీట ఎత్తి అద్దం మీదికి విసిరాడు.

"చేపలనుకున్నావామే! గడ్డకడితే లోపల మందు పగిలి చస్తాది. చల్లగా ఉండాల, గడ్డ కట్టకూడదు!"

ఆయన కోపం అట్లాంటిది. కానీ ఆ అద్దం ముక్కలన్నీ ఆయనే ఏరాడు, నా కాలికి చెప్పుల్లేవని.

ఇంకో నియమం ఉండేది. బయటికి తీశాక గంటసేపు కవరు విప్పకూడదు. "చలి విడవాలమే. తొందరపడితే బొమ్మ నీలంగా వస్తాది" అనేవాడు. ఎవరొచ్చినా ఆ గంట కూర్చోవలసిందే.

మీ నాన్నకు అప్పుడు ఇరవై ఏళ్లు. పక్క పాలెం వాళ్ల వల ఎవరో కోశారు. తెల్లవారేసరికి రెండు పాలేలూ తెడ్లు, బరిసెలు పట్టుకుని ఇసుకలో దిగాయి. ఆ కేకలు వినపడగానే ఖాజా అన్న ఫ్రిజ్ తెరిచి, చల్లటి ప్యాకెట్టునే పళ్లతో చించి, కెమెరాలో వేసుకుంటూ పరిగెత్తాడు.

"అన్నా, గంట!" అన్నాను వెనకాలే పరిగెత్తుతూ.

"గంటకు శవాలే మిగల్తాయిమే!"

మేము చేరేసరికి పక్క పాలెం పోలయ్య తల పగిలి పడి ఉన్నాడు. మీ నాన్న చేతికర్ర పారేసి కూలబడి, అతని తలను ఒళ్లోకి తీసుకున్నాడు. మన పాలెం పెత్తనం చేసే పెద్దకాపు కొడుకు కొండయ్య మళ్లీ తెడ్డు ఎత్తాడు. అప్పుడే కెమెరా చప్పుడైంది. ఇంకా బొమ్మ తేలక తెల్లగా ఉన్న ఫోటోను నా చేతిలో కుక్కి, "రవికలో దోపుకో. ఒంటి వేడి తగలాల. ఎవురికీ చెప్పబాక" అన్నాడు.

మధ్యాహ్నానికి పోలయ్య పోయాడు. చొక్కా నిండా నెత్తురున్న మీ నాన్నే చంపాడని పక్క పాలెం అంది. కొండయ్యను కాపాడుకోవడానికి మన పాలెం కూడా అవునంది. సాయంత్రం మనవాళ్లే, నేను బావా మరిదీ అని పిలిచేవాళ్లే, ఖాజా అన్న గదిలో చొరబడ్డారు.

"ఫోటో యాడ పెట్టినావు?"

"పెద్దల ముందర పెడతా. మీకియ్యను."

గుమ్మానికి ఆనించి ఎడమ చెయ్యి విరిచారు. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. తెడ్లతో ఫ్రిజ్ పగలగొట్టి, ప్యాకెట్లను కాళ్లతో తొక్కితే మందు చిట్లి నేలంతా జిగురైంది. నేను మూలన నిలబడి ఉన్నాను. ఫోటో నా పక్కటెముకలకు అంటుకుని ఉంది. చెబితే కొట్టడం ఆపుతారు, నా కొడుకు పోతాడు. చెప్పకపోతే ఈయన పోతాడు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, తల అడ్డంగా ఊపి, ఊడిన పన్ను ఉమ్మేశాడు.

"కొట్టండిరా. నాకు ఇంకో చెయ్యి ఉండాది. ఫోటోకు నకలు లేదు."

నేను నోరు మూసుకున్నాను. అందుకు ఆయన నన్ను ఎప్పుడూ తప్పుపట్టలేదు. నేను మాత్రం మరిచిపోలేదు.

మర్నాడు రెండు పాలేల పెద్దల ముందు ఆ ఫోటో పెట్టాం. నీలంగా వచ్చింది, ఒక అంచు చెదిరింది. అయినా పోలయ్య తల కింద మీ నాన్న చేతులు, ఎత్తిన తెడ్డు కింద కొండయ్య మొహం కనిపించాయి. పోలయ్య తల్లి దాన్ని చాలాసేపు చూసి, లేచి మీ నాన్న దగ్గరికొచ్చి, "నా బిడ్డకు ఒళ్లో చోటిచ్చినావా అబ్బయ్యా" అని కూలబడింది. కొండయ్యను పోలీసులు తీసుకుపోయారు.

ఆ తర్వాత ఆయన ఇంకో ఫ్రిజ్ కొన్నాడు. ఆ ఫిల్ము తయారీ ఆగిపోయాక కూడా ఉన్నవాటిని ఏళ్లపాటు కాపాడుకుంటూ వాడాడు. చివరికి ఒక్క ప్యాకెట్టు మిగిలింది. "ఇది నా ఆఖరి ఫోటోకి. నువ్వే తియ్యాలమే" అని కొడుకు, కోడలు వింటుండగా చెప్పాడు.

శుక్రవారం ఆయనకు స్నానం చేయించాక దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఆయన పక్కనే కూర్చున్నాను. గంట నిండడానికి ఇంకా పది నిమిషాలుందనగా ఆయన కొడుకు వంగి, "అవ్వా, నమాజుకు టైమయింది, ఎత్తాల" అన్నాడు. కవరు చించెయ్యవచ్చు. నీలంగానైనా వచ్చేది. నాకు చేతులు రాలేదు.

మీ నాన్న కోసం ఆయన ఆ గంట నియమం ఒక్కసారి తప్పాడు. ఆయన కోసం నేను తప్పలేకపోయాను. అట్లాంటి మనిషిని ఈ ఒడ్డు మళ్లీ చూడదు పిల్లలూ.

ప్యాకెట్టు ఇంకా విప్పలేదు. మళ్లీ అడ్డంగా, పైన బరువు లేకుండా పడుకోబెట్టాను. ఈసారి మీ నాన్నను కూడా తీసుకురండి. ఖాజా అన్న చెయ్యి విరిచిన ఆ గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీస్తాను. మీరు బస్సు ఎక్కగానే ఫోన్ చెయ్యండి. గంట ముందే బయటికి తీసి ఉంచుతాను.