నీలం మందు ఎర్రబడిన వారం

ఆ రోజుల్లో మనిషి ఒంట్లో ఏముందో తెలియాలంటే వైద్యుడు నాడి పట్టుకునేవాడు, నాలుక చాపమనేవాడు, మహా అయితే మూత్రంలో నూనె చుక్క వేసి అది ఎటు పాకుతుందో చూసేవాడు. అలాంటి కాలంలో గాజు గొట్టాలూ స్పిరిట్ దీపమూ చేతికొచ్చిన పందొమ్మిదేళ్ళవాడికి కళ్ళు నెత్తికెక్కాయంటే ఆశ్చర్యమేముంది చెప్పండి? నాకెక్కాయి. రాజమండ్రి నుంచి పడవలో ఒక పూట ప్రయాణం మా ఊరు. కాలవ గట్టు మీద పెంకుటింట్లో ఆసుపత్రి, అందులో నేను కొత్త కాంపౌండర్ని. డాక్టరుగారు మద్రాసులో చదువుకొచ్చిన మితభాషి. ఆయన మాట్లాడని మాటలన్నీ కూడా నేనే మాట్లాడేవాణ్ణి.

మూత్రపరీక్ష నాకు అప్పగించి ఆయన చెప్పిన పాఠం చిన్నదే. పొద్దున లేవగానే పోసినది తెప్పించు. ముందు కంటితో చూడు, రంగేమిటో, తేటగా ఉందో మడ్డిగా ఉందో. నీలి కాగితం ముంచి ఎర్రబడుతుందేమో చూడు. గాజు పుల్ల వదిలి ఎంత పైకి తేలుతుందో చూస్తే చిక్కదనం తెలుస్తుంది. గొట్టంలో పోసి కాచి రెండు చుక్కలు పులుపు మందు వేశాక కూడా తెల్లటి తెర నిలిచిందంటే మూత్రపిండాల సంగతి ఆలోచించాలి. ఆఖరున నీలం మందు. దాన్ని కాచి, మూత్రం నాలుగు చుక్కలు వేసి మళ్ళీ కాస్తే నీలం నీలంగానే ఉండాలి. ఇటుకపొడి రంగులో అడుగున పేరుకుందంటే అందులో తీపి ఉన్నట్టు. "ఇంతేనోయ్. కానీ గొట్టాన్ని చూసి ఊరుకోకు, మనిషిని కూడా చూడు," అన్నారు. ఆ చివరి ముక్క తప్ప మిగతాదంతా కంఠస్థం చేశాను.

ఆ వారం మా ఊరి బడిలో లెక్కలు చెప్పే పొడుగు మేష్టారు వచ్చారు (ఆయన మా గుమ్మంలోకి రావాలంటే తలపాగా తీసి చేత్తో పట్టుకోవాలి, అంత పొడుగు). కాకినాడలో ఒక కచేరీలో గుమాస్తా పని దొరికిందట. ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు సంతకం పెట్టిన కాగితంతో శనివారం పొద్దున పడవెక్కాలి, లేదంటే ఆ పని ఇంకొకరికి పోతుంది. బడిలో వచ్చేది నలుగురు పిల్లలున్న ఇంటికి ఏ మూలకీ చాలదని ఊరందరికీ తెలుసు. "పొద్దున్నే ఓ సీసాలో పట్టుకురండి," అన్నాను నేను, దొరబాబులా. ఆసుపత్రిలో ఉన్న సీసాలే నాలుగు, వాటినిండా మందులు. ఆయన సిగ్గుతో తల దించుకుని, "అలాగేనండి," అని వెళ్ళిపోయారు.

బుధవారం తెల్లారేసరికి తువ్వాలు చుట్టిన ముదురు గోధుమరంగు సీసా ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. కాగితం, గాజు పుల్ల, కాచడం, అన్నీ అయ్యాయి. నీలం మందులో నాలుగు చుక్కలు వేసి దీపం మీద పెట్టానో లేదో, నీలం కాస్తా ఆకుపచ్చయి, పసుపయి, చక్కగా ఇటుకపొడి దిగింది! పుస్తకంలో బొమ్మ తప్ప అంతకుముందు నేనెప్పుడూ చూడలేదది. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ, సంతోషంతో చిన్న గంతు కూడా వేశాను. అడుగున మిగిలిన మూత్రం మరీ ముదురుగా, కాస్త జిగురుగా ఉంటే "విశేష లక్షణం" అని నా పుస్తకంలో రాసి కింద గీత గీశాను. బయట బెంచీ మీద కూర్చున్న మేష్టారి దగ్గరికి వెళ్ళి, "మధుమేహమండీ," అన్నాను. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

డాక్టరుగారు రేపు ఇంకోసారి చూడమన్నారు. గురువారం ఇంకో సీసా వచ్చింది. ఈసారి ఇటుకపొడి మరీ ఎక్కువ. "రోజురోజుకీ ముదురుతోందండీ," అన్నాను డాక్టరుగారితో. ఆయన కాగితం ముందుకు లాక్కుని, కలం సిరాలో ముంచి, ఆగారు. "దాహం ఎక్కువా? చిక్కిపోతున్నాడా? ఎన్నిసార్లు లేస్తున్నాడు?"

"అడగలేదండీ."

"అయితే నువ్వు చూసింది సీసానోయ్, మనిషిని కాదు. రేపు వాళ్ళింటికెళ్ళి అడిగి రా. అప్పుడు రాస్తాను."

శుక్రవారం సాయంత్రం వెళ్ళాను. పథ్యం గురించి ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను. మేష్టారు అరుగు మీద ఒంటరిగా కూర్చున్నారు. దాహమా, అదేం లేదండి. చిక్కడమా, ఈ ఒంట్లో ఇంకా చిక్కడానికేముందండీ. పడుకుంటే తెల్లారాకే లేస్తానండి, అయినా రెండ్రోజుల్నుంచి నిద్రెక్కడిదండీ అన్నారు. నాకు కొంచెం తేడాగా అనిపించింది. "పోనీ, ఇప్పుడే ఇంకోసారి ఇవ్వండి, సీసా ఉందా?" అన్నాను.

"ఆ రెండూ కాలవలో పారేశానండి, మళ్ళీ ఇంట్లో వాడతారేమోనని. ఉండండి," అని ఆయన పక్కింటి గోడవైపు తిరిగి పిలిచారు, "దొడ్డమ్మగారండీ! ఇంకో మందు సీసా ఉంటే ఇస్తారేంటండీ?"

పక్కింటి దొడ్డమ్మగారి అటక మీద పాత టానిక్కుల సీసాలు బోలెడున్నాయట. ఆవిడ ఒకటి కడిగి తెచ్చి గోడ మీదుగా ఇవ్వబోతూ, చెంగు ముడిలోంచి ఏదో తీసి సీసా మూతిలోంచి లోపలికి జారవిడిచింది. టప్‌మని చప్పుడైంది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"బెల్లం ముక్క బాబూ. మందుకెళ్ళే సీసా ఉత్తిది చేతిలో పెడతామా ఏంటి? అచ్చిరాదు."

"ముందిచ్చిన రెండు సీసాల్లో కూడా వేశారా?"

"వెయ్యకపోతే ఎలా? రెండోసారి పాపం మేష్టారి మొహం పీక్కుపోయుంటే చూళ్ళేక, ఇంకాస్త పెద్ద ముక్కే వేశాను."

చీకటితో లేచి, ముదురు రంగు సీసాలో ఏముందో చూసుకోకుండా ఆయన నింపారు. పట్టపగలు బల్ల మీద పెట్టుకుని కూడా నేను చూడలేదు. చూసినదానికి విశేష లక్షణమని పేరు పెట్టాను! నాకు నవ్వొచ్చింది. మేష్టారు కూడా నవ్వుతారనుకుని అటు తిరిగాను. ఆయన తలపాగా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

"మా నాన్న ఈ జబ్బుతోనే పోయాడండి," అన్నారు. "ఆయన పోసినచోట చీమలు పట్టేవండి. నా కళ్ళముందే ఏడాదిలో పుల్లయిపోయాడు. మా ఆవిడకి చెప్పలేదండి ఇంకా. పిల్లల్ని ఏ బావగారి దగ్గర, ఏ తమ్ముడి దగ్గర వదలాలా అని రెండ్రోజుల్నుంచీ పంచుతూ కూచున్నానండి."

దొడ్డమ్మగారు ఏమీ అర్థంకాక, "ఇంకో ముక్క వెయ్యనా బాబూ?" అంది.

ఆసుపత్రికి పరిగెత్తి, ఒక మందు సీసా వంపేసి, మరిగే నీళ్ళతో నా చేతులతో నేనే కడిగి తెచ్చాను. అరగంటలో మళ్ళీ దీపం వెలిగింది. డాక్టరుగారూ మేష్టారూ నా భుజాల మీదుగా చూస్తూండగా నీలం మందు కాగింది. ఎంతసేపు కాచినా నీలమే. అంతకన్నా అందమైన రంగు ఇప్పటికీ నేను చూడలేదు. చేసిన తప్పంతా అప్పుడే డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన నా పుస్తకం తిరగేసి, విశేష లక్షణం దగ్గర ఆగి, "రుచి చూడలేదు కదూ?" అని మాత్రం అడిగి, సంతకం పెట్టారు.

శనివారం పొద్దున రేవుకి వెళ్ళి, "నన్ను క్షమించండి మేష్టారూ," అన్నాను. "భలేవారే! మళ్ళీ చూశారు కదండీ," అన్నారాయన, తలపాగా సర్దుకుంటూ. తిట్టినా బాగుండేది. పడవ కదిలాక కూడా ఆయన చెయ్యూపుతూనే ఉన్నారు.

తర్వాత ముప్ఫయ్యేళ్ళపాటు నా బల్ల మీదికి వచ్చిన సీసాలకి లెక్క లేదు. ప్రతి ఒక్కరినీ ఎలా నిద్రపోతున్నారని అడిగాకే దీపం వెలిగించేవాణ్ణి. ఇప్పుడు నాకూ వయసు మీదపడింది. ఈ మధ్య దాహం ఎక్కువైతే, మొన్న నా సీసా నేనే పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి కొత్త కాంపౌండరుకి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. సీసా అందుకుని, "బయట కూచోండి తాతగారూ, ఇప్పుడే తేల్చేస్తాను," అన్నాడు హుషారుగా. ఆ హుషారు చూసి నవ్వుకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. లోపల దీపం వెలిగించిన చప్పుడు వినిపించింది. చూస్తే నా తలపాగా ఎప్పుడు తీశానో, నా ఒళ్ళో ఉంది.