బల్ల ఎక్కే ముందు తీర్చిన అప్పు

2021లో నేను షార్జాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. బిల్లు కట్టలేని రోగుల కాగితాలు సర్ది, ఒక ధర్మసంస్థ కమిటీకి పంపడం నా పని. కమిటీ పద్ధతి సూటిగా ఉండేది. రోగి దగ్గరున్న పొదుపు ముందు బిల్లుకు పోవాలి, మిగతాది వాళ్లు కడతారు. అందుకే ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, అంటే ఖాతాలో వచ్చిన, పోయిన డబ్బు వివరం, తప్పనిసరి.

ఆ ఏడాది మస్తాన్ భాయ్ వచ్చాడు. నెల్లూరు మనిషి, షార్జా శివారు సజ్జాలో ఏసీ మెకానిక్. గుండెలో వాల్వు మార్చాలన్నారు. పాత కంపెనీ మూసేసేటప్పుడు సర్వీసు లెక్కకట్టి ఇచ్చిన గ్రాట్యుటీ పద్నాలుగు వేల దిర్హాములు ఆయన ఖాతాలో ఉండాలి. చూస్తే మూడొందలున్నాయి. దరఖాస్తుకు వారం ముందు ఆ పద్నాలుగు వేలూ నగదుగా తీసేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఉన్న డబ్బును బావమరిది ఖాతాలోకి మళ్లించి, ఏమీ ఎరగనట్టు నా ఎదుట కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

“డబ్బు ఎక్కడ దాచారు?” అని అడిగేశాను.

“దాయలేదమ్మా. అప్పులు తీర్చేసినా. గుండె కోస్తారంటే తిరిగొస్తామో లేదో. కర్జ్ మెడకేసుకోని ఆ బల్లెట్టా ఎక్కేది? అందరి కాడా మాఫీ గూడా అడిగేసినా.”

“రసీదులున్నాయా?”

“ఒక గిన్నెలో తిన్నోళ్ల కాడ రసీదేందమ్మా?”

ఆ మాటతో నా కోపం చల్లారింది గానీ ఫైలు కదల్లేదు. అప్పు పాతదనీ, తీర్చేశాడనీ రుజువు లేకపోతే ఆ డబ్బు ఇంకా రోగి దగ్గరే ఉన్నట్టు లెక్క. కమిటీ ముదీర్, అంటే మేనేజరు, ఫోన్లో అదే చెప్పాడు. ఆ పద్నాలుగు వేలు కడితేనే ఆపరేషన్ తేదీ ఇస్తారు. డాక్టరేమో నెల దాటనివ్వొద్దంటున్నాడు.

అప్పిచ్చినవాళ్లను తీసుకురమ్మన్నాను. సెలవు రోజున ఇద్దరు వచ్చారు. వాళ్లుండే లేబర్ క్యాంపు పక్కన బకాలా, అదే కిరాణా కొట్టు, నడిపే మలయాళీ తన ఖాతా పుస్తకం పట్టుకొచ్చాడు. నాలుగు వేలకు తేదీలతో సహా లెక్క తేలింది. మిగతా పదివేలూ రూమ్మేట్ రాజన్నవి. జగిత్యాల వైపు మనిషి. ఆయన దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు.

“ఆపరేషన్ అయినంక ఇయ్యిమన్న మేడమ్. ఇనలే, చేతుల వెట్టిండు” అంటూ రాజన్న జేబులోంచి ఒక కవరు తీశాడు. “ఇంటికి పంపలే. గట్లనే ఉంచిన. గివి కట్టుండ్రి.”

మస్తాన్ భాయ్ ఆ కవరును వెనక్కి నెట్టాడు. “మళ్లా అప్పు చెయ్యమంటావా రాజన్నా? తీస్కో.”

నా బల్ల మీద ఆ కవరు రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కనబడనివ్వకుండా ఫైల్లో తల దూర్చాను. అప్పుడు తట్టింది. మేం అడిగేది ఆరు నెలల స్టేట్‌మెంటే గదా, అంతకు ముందరి ఏడాది సంగతేమిటని. అదీ తెప్పించాను. లాక్‌డౌన్‌లో వరుసగా ఐదు నెలలు ఆ ఖాతాలో జీతం పడలేదు, ఒక్క దిర్హామూ బయటికి పోలేదు. మరి ఈ మనిషి ఏం తిని బతికాడు? గది అద్దె ఎవరు కట్టారు? ఇంటికి ఎవరి డబ్బు పంపాడు?

ఆ ప్రశ్నలే కమిటీకి రాశాను. రాజన్న సంతకం, ఐడీ కాపీ జతచేసి, ఆ ఖాళీ నెలల పేజీని అన్నిటికన్నా పైన పెట్టాను. నాలుగో రోజు ముదీర్ ఫోన్ చేశాడు. “ఖలాస్, ఫైల్ ఓకే” అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. నెల తర్వాత చెకప్‌కు ఇద్దరూ కలిసే వచ్చారు. మందుల సంచీ రాజన్న మోస్తున్నాడు.

అప్పటి నుంచి ఎవరొచ్చినా మొదటి రోజే చెబుతున్నాను. అప్పు తీర్చుకోండి, తప్పులేదు, కాకపోతే బ్యాంకు ద్వారా ఇవ్వండి, సంతకం తీసుకోండి అని. ఖాతా ఖాళీగా కనిపిస్తే ఎక్కడ దాచారని అడగడం మానేశాను. ఎవరికిచ్చారని అడుగుతున్నాను.

పోయినేడాది నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. ముందు రోజు పక్క ఫ్లాట్ లక్ష్మిగారికి ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చేసి, ఏమైనా మాట జారి ఉంటే క్షమించమన్నాను. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. కాసేపయ్యాక, అలవాటు కొద్దీ, రసీదు అడిగాను.