రేపల్లె సభలో కుంకుమ బరిణె

1972 మొదట్లో నన్ను మాజీ సైనికుల సంక్షేమం చూసే ఉపమంత్రి గారికి అంతరంగిక కార్యదర్శిగా వేశారు. మంత్రుల్లో కేబినెట్ మంత్రి పైమెట్టు, ఆ కింద సహాయ మంత్రి, అట్టడుగున ఉపమంత్రి. ఉపమంత్రి ఫైలు చదవొచ్చు, అభిప్రాయం రాయొచ్చు. ఉత్తర్వు మాత్రం పైవారి సంతకంతోనే. బయటివాళ్ళు ఆ పదవి వడ్డించిన విస్తరి అనుకునేవారు. నిజానికి ఆవిడ చేతిలో ఉన్నవి ఒక కారూ, ఊరూరా ఒక మైకూ.

ఆవిడ అన్నాను కదా, అమ్మగారనే పిలిచేవాళ్ళం. డెల్టా రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. సభలో ఆడవాళ్ళకు ఏమిచ్చినా బొట్టు పెట్టి గానీ ఇచ్చేవారు కాదు. సంచీలో వెండి కుంకుమ బరిణె ఎప్పుడూ ఉండేది. చిక్కేమిటంటే, మా సభలకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్ళు. పొరపాటున చెయ్యి ముందుకు వెళితే ఎంత అప్రదిష్ట! అందుకని నేనొక ఏర్పాటు చేశాను. మనిషి వేదిక ఎక్కుతుండగా వెనక నుంచి నేను ‘ఊఁ’ అంటే బొట్టు. మాట్లాడకపోతే ఒట్టి నమస్కారం. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు శ్రావణ మాసంలో తెనాలి, బాపట్ల, రేపల్లె టూరు పడింది. మాది అమృతలూరు. ఆ దారులు నాకు కొత్త కావు. అయినా ఆ ప్రయాణం ఇప్పుడు తలుచుకుంటే కలలో తిరిగినట్టే ఉంటుంది. సన్నటి తుంపర. కారు పక్కనే నిండుగా కాలువ. మళ్ళలో నీళ్ళూ ఆకాశమూ ఒకటే రంగు, మధ్యలో నాట్లు వేసే ఆడవాళ్ళు వంగి ఉన్నారో తేలుతున్నారో తెలిసేది కాదు. అమ్మగారు కునుకు తీస్తుండేవారు. ఎక్కడో మైకులో మా పేర్లే ఎవరో చదువుతుంటే, అది ముందు ఊరో వెనక ఊరో పోల్చుకోలేకపోయేవాణ్ణి. తెనాలి సభ ఏ అడ్డంకీ లేకుండా అయిపోయింది.

బాపట్ల బంగళాలో సాయంత్రం టీ తాగుతుంటే కోటయ్య అనే పెద్దాయన వచ్చారు. రేపల్లె దగ్గర పల్లెటూరి రైతు. మర్నాటి సభ దాకా ఆగకుండా బస్సెక్కి వచ్చేశారు. అంతకు ముందు డిసెంబరు యుద్ధంలో ఆయన కొడుకు గల్లంతయ్యాడు. అంటే చనిపోయాడని రుజువు లేదు, బతికున్నాడన్న కబురూ లేదు. రేపల్లెలో మేము కుట్టు మిషనూ, ఇంటిస్థలం పట్టా ఇస్తున్నది వితంతువులకు. కోటయ్య కోడలు నాగరత్నానికి చంటిపిల్ల ఉందని జాలిపడి, అక్కడి రెవెన్యూ ఉద్యోగి ఆమెను కూడా ఆ వరసలో చేర్చాడు.

“అమ్మగారు బొట్టు పెడితే, మొగుడున్నదానికి స్థలమేంటని మా ఊళ్ళో గిట్టనివాళ్ళు అర్జీ పెడతారండి. పెట్టకపోతే, నలుగురిలో మావాడు పోయినట్టే గదండి,” అన్నారు.

మరి నన్నేం చేయమంటారని అడిగాను.

“నాకు తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తానండీ.”

మిషనూ పట్టా ఇంటికి పంపిస్తామన్నాను. దొంగచాటుగా తెచ్చుకున్నారంటారని ఆయన ఒప్పుకోలేదు. అమ్మగారికి చెప్పాను. అంతా విని, రేపు చూద్దాం లెండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రేపు వేదిక మీద నోరు మెదపాల్సింది నేను కదా!

రేపల్లెలో హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. వరసలో మొదట పిలిచింది నాగరత్నాన్నే. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నుదుట బొట్టు, చంకలో పిల్ల. కోటయ్య షామియానా గుంజ పట్టుకుని నా వంకే చూస్తున్నారు. ఊఁ అనలేను, అనకుండా ఉండనూ లేను.

అమ్మగారు నా కోసం చెవి ఒగ్గలేదు. బరిణె మూత తీసి, నాగరత్నం ముందుకు చాపారు.

“తీసుకో తల్లీ.”

మన ఇళ్ళలో అది రోజూ చూసేదే. బరిణె చాపితే, పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు. అంత చిన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

నాగరత్నం బరిణె వంక చూసింది. తర్వాత పక్కనున్న మిషను వంక చూసింది. చిటికెడు కుంకుమ తీసుకుని, కొత్త వస్తువు ఇంటికొస్తే పెట్టినట్టే, ఆ నల్లటి మిషనుకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. దానికి ఎవరు అర్జీ పెడతారు? పట్టా కాగితం కొంగున ముడేసుకుని దిగిపోయింది.

తర్వాత వచ్చినావిడ వితంతువు. నా లెక్కలో ఒట్టి నమస్కారం. అమ్మగారు ఆమె ముందుకూ బరిణె చాపారు. ఆమె నాగరత్నం మిషను మీది బొట్టు వంక చూసింది. తర్వాత వేలు ముంచి, తన మిషనుకు బొట్టు పెట్టింది. భర్త పోయిన నాటి నుంచీ కుంకుమ తాకని చెయ్యి అది. ఆ వేలు తుడుచుకోకుండా అలాగే చూసుకుంటూ మెట్లు దిగింది. వెనకవాళ్ళూ ఒక్కొక్కరే పెట్టారు. ఒక పెద్దావిడ మాత్రం వద్దని తల ఊపి, నమస్కారం చేసి వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తిరిగి కారెక్కాక అమ్మగారు, “మీ ఊఁ ఇంక దాచుకోండి,” అని నవ్వారు.

నాగరత్నం ఆ స్థలంలోనే ఇల్లు వేసుకుంది. ఆమె భర్త రాలేదు. ఆయన ఇప్పటికీ గల్లంతే.

ఆ నెల నుంచి మా టూరు ఏర్పాట్లలో ఒక వాక్యం చేర్పించాను: కుంకుమ బరిణె మూత తీసి బల్ల మీద ఉంచవలెను. ఎవరు పెట్టుకోవాలో తేల్చడం మా శాఖ పని కాదు.