ఆరున్నరకు రావాల్సిన కాఫీ

2006లో మేము వనపర్తిలో అద్దెకుండేవాళ్లం. ఏడో తరగతితో చదువు ఆగినా, గ్రంథాలయం పుణ్యమా అని ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేదాన్ని. హైదరాబాదు నుంచి తెప్పించుకున్న కాఫీ మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. ముందురోజే నీళ్లు, పొడి వేసి టైము పెడితే పొద్దున దానంతటదే కాఫీ దించుతుందట.

"పుస్తకాలు సదివి ఏం ఉద్ధరిస్తున్నవ్?" అనే మా అత్తకు చూపించాలని నా పంతం. టైము ఆరున్నరకు పెట్టి, నాకు పుస్తకాలిచ్చే గ్రంథపాలకుడిని కూడా కాఫీకి పిలిచాను.

రోజూలాగే ఆరింటికి కరెంటు పోయింది. కాగితాల ధ్యాసలో ఆ సంగతే మరిచాను. గ్రంథపాలకుడు కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లారు.

"నీ మిషిని ఇంకా నిద్ర లేవలేదానే?" అంది అత్త.

ఎనిమిదింటికి కరెంటు వచ్చాక మిషన్ గడియారంలో పన్నెండు గంటలు మినుకుమినుకుమన్నాయి. కోపంతో దాన్ని పట్టించుకోలేదు. దాని గాజు జగ్గును మజ్జిగకు వాడేశాను.

మధ్యాహ్నం రెండున్నరకు వంటింట్లోంచి కేక.

"ఓ పిల్లా, ఉరికిరా! కాలుతుందే!"

పన్నెండు నుంచి లెక్క మొదలుపెట్టిన మిషన్‌కు అప్పుడు ఆరున్నర అయింది. జగ్గు లేకపోయేసరికి, మరిగిన కాఫీ గట్టు మీది నుంచి కింద పడుకున్న అత్త మోకాలి మీదికి కారుతోంది. ప్లగ్గు పీకి, ఆమె కాలిమీద చన్నీళ్లు పోశాను. అదృష్టం, బొబ్బ ఎక్కలేదు.

"ఆరింటికి కరెంటు పోతదని నీ కాగితాలల్ల రాయలేదా?" అంది.

రాయలేదు. అక్షరం రాని అత్తకు మాత్రం కరెంటు పోయే వేళ గుర్తుంది. ఆ సాయంత్రం టైము ఎంతకు పెట్టాలో ఆమెనే అడిగాను.

"ఐదున్నరకు పెట్టు" అంది. మర్నాడు మొదటి కప్పు ఆమెకే పోశాను.