ముప్పై ఎనిమిది డిగ్రీల నిర్మలాకాశం

నా నోటిమాట వల్ల ఒక ఏనుగు చచ్చింది. కంగారు పడకండి, కాగితం గుజ్జుతో చేసిన సినిమా ఏనుగు. అయినా పన్నెండడుగుల ఏనుగు నూటయాభై మంది చూస్తుండగా మోకాళ్ళ మీద కూలబడితే, దానికి కారణమైన మనిషి ఎలా నిలబడుతుందో మీకు తెలియదు. నాకు తెలుసు. చేతిలో హారతి పళ్ళెం పట్టుకుని, నోరు తెరుచుకుని, ఆ నోట్లో వాన పడుతున్నా మూయకుండా నిలబడుతుంది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ దిగ్భ్రమ నుంచి నేను పూర్తిగా తేరుకోలేదు.

అప్పుడు మేం ఫిల్మ్ నగర్‌లో, రెండు బండరాళ్ళ మధ్య ఇరికించి కట్టిన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన పాపారావు గారు పద్దెనిమిదేళ్ళు షూటింగుల్లో టీలూ టిఫిన్లూ అందించి, ఆ ఏడాదే మొదటిసారి ప్రొడక్షన్ మేనేజరయ్యారు. అంటే షూటింగుకి హీరో దగ్గర్నుంచి మేకు దాకా వేళకి తెప్పించవలసిన మనిషి. ఆ పిక్చరు సవ్యంగా ముగిస్తే మేనేజరుగా నిలదొక్కుకున్నట్టు. తేడా వచ్చిందా, మళ్ళీ టీ ఫ్లాస్కు దగ్గరికే. ఈ సంగతి ఆయనకంటే నాకు ఎక్కువ గుర్తు.

మా అమ్మాయి శైలజ కాలేజీ చదువు కోసం ఎవరో మూసేసిన ఆఫీసు నుంచి పాత కంప్యూటరొకటి ఇంటికొచ్చింది. దానికి బొట్టు పెట్టి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పాను. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోను తీగలోంచి వచ్చేది. అది వస్తున్నంతసేపూ ఇంట్లో ఫోను మూగదైపోయేది. శైలజ దాన్ని కలిపిన మొదటి రోజే డైరెక్టరు గారు మా ఆయన కోసం గంటసేపు ఫోను చేసి, దొరక్క, తలుపు కొట్టడానికి మనిషిని పంపారు.

"ఏమే, మీ నాన్న అన్నం తినేది ఆ ఫోను మీదే. దాని పీక పట్టుకుంటావా?" అన్నాను.

"లేదమ్మా, తొందరగా చూసుకునే కిటుకులున్నాయి. నీకూ నేర్పుతా, రా," అంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది ఐదో క్లాసు చదువు, పోయే మతి కొంచెమేలే అనుకుని కూర్చున్నాను. పాత క్యాలెండరు కాగితాల వెనక అన్నీ రాసుకున్నాను. వెనక పేజీకి పోవాలంటే బ్యాక్‌స్పేస్. పేజీ రాకుండా తాత్సారం చేస్తుంటే ఎస్కేప్. నచ్చిన పేజీ దాచుకోవాలంటే కంట్రోల్ పట్టుకుని డి. బొమ్మలు రాకుండా ఆపేస్తే పేజీ చప్పున దిగుతుంది.

"ఆపేయ్. సినిమావాళ్ళింట్లో బొమ్మలకేం కరువు?" అన్నాను.

"ఎఫ్ ఫైవ్ నొక్కితే పేజీ మళ్ళీ తాజాగా వస్తుంది. కాకపోతే ఫోను కలపాలి."

"అది నొక్కరాదు," అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

"ఇంకోటుందమ్మా. ఇక్కడ ఫైల్‌లోకెళ్ళి 'వర్క్ ఆఫ్‌లైన్' దగ్గర టిక్ పెడితే, ఫోను కలపకుండానే పేజీ చూడొచ్చు. కానీ అది..."

నేను అప్పటికే రాసుకోవడం మొదలుపెట్టాను. ఫోను కలపకుండానే పేజీ. ఇంతకంటే పనికొచ్చే మాట ఈ లోకంలో ఉంటుందా? "కానీ" తర్వాత ఏముందో వినడం కాలహరణం అనిపించింది. వాక్యాల దగ్గర కూడా పొదుపు చేసే మనిషిని నేను.

అవి మే నెల చివరి రోజులు. మా ఆయన పిక్చరుకి ఫిల్మ్ నగర్ వెనక గుట్ట మీద పెళ్ళివారి వీధి సెట్టు వేశారు. అంతా ప్లైవుడ్డూ, రంగులూ. నడివీధిలో ఊరేగింపు ఏనుగు. నిర్మాత వీర్రాజు గారిది భీమవరం వైపు, వాన పేరు చెబితే బిక్కచచ్చిపోయేవారు. "కంప్యూటర్లో వాతావరణం వస్తుందటగా, పాపారావు గారూ. ఓసారి చూడమనండి మీ అమ్మాయిని," అన్నారట. శైలజ ఫోను కలిపి చూసింది. "క్లియర్" అంటే నిర్మలం, "రెయిన్" అంటే వాన అని నాకు చూపించి, ఆ పేజీని కంట్రోల్, డి నొక్కి దాచిపెట్టింది. ఆకాశం నిర్మలం, ముప్పై ఎనిమిది డిగ్రీలు. ఆ రోజు నిజంగానే చుక్క పడలేదు.

మర్నాటి నుంచి శైలజకి పరీక్షలు. పని నేను అందుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి, కంప్యూటరుకి దణ్ణం పెట్టి, ఆఫ్‌లైన్ టిక్కు పెట్టి, దాచిన పేజీ నొక్కితే రెప్పపాటులో వచ్చేది. శైలజకి మూడు నిమిషాలు పట్టిన పేజీ నాకు రెప్పపాటులో వస్తోందంటే, నా చేతిలో ఏదో ఉందనుకున్నాను. క్లియర్. ముప్పై ఎనిమిది. ఆ మర్నాడూ క్లియర్, ముప్పై ఎనిమిదే. ఆ తర్వాతా అంతే. మీరైతే అనుమానించేవారు. నేను సూర్యుణ్ణి మెచ్చుకున్నాను. 'మనుషులకి లేని క్రమశిక్షణ ఆయనకుంది' అని మా ఆయనతో అన్నాను కూడా.

సినిమావాళ్ళకి సెంటిమెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఓ పిక్చరు ఆడిన రోజు వేసుకున్న చొక్కాని చిరిగేదాకా వేసుకునే జాతి. ఐదు రోజులు నా మాట నిజమయ్యేసరికి వీర్రాజు గారు ఆరో రోజు స్వయంగా ఫోను చేశారు.

"అక్కయ్యగారూ, మీ నోటితో ఓసారి చెప్పండి."

"ఆకాశం నిర్మలం. ముప్పై ఎనిమిది."

"ఇక కెమెరా ఆన్ చేసుకోవచ్చండీ," అన్నారు. అక్కడి నుంచి నేను ఆ మాట అననిదే మొదటి షాటు తీసేవారు కాదు. అరటిపళ్ళ గెలలు మా ఇంటికి రావడం మొదలైంది. గర్వం ఎంత పెరిగిందంటే, పక్కింటావిడ ఒడియాలు ఎండబెట్టుకోవచ్చా అని అడిగితే రేపు రమ్మన్నాను.

పదో రోజు సాయంత్రం సెట్టు మేస్త్రి యాదగిరి మా ఇంటికొచ్చాడు. రహమత్ నగర్ మనిషి, ఆ ఏనుగుని తయారు చేసిన చేయి అతనిదే.

"అమ్మా, టార్పాలిన్లు వాపస్ పంపుతున్రట సారు. మీరన్న చెప్పుండ్రి జర. మబ్బు బట్టింది. చీమలు గుడ్లు మోసుకపోతున్నయ్."

"చీమకి కంప్యూటరు కంటే ఎక్కువ తెలుసా యాదగిరీ?"

"చీమ ఆకిలిలనే ఉంటది గదమ్మా, దానికి ఎర్క అయితది."

ఎంత సూటిగా చెప్పాడో చూడండి. నేను వింటానా? వానొస్తే సెట్టుని కప్పడానికి అద్దెకి తెచ్చిన టార్పాలిన్లు పది రోజులుగా పని లేక మడతల్లో పడి ఉన్నాయని, వాటిని పంపేయమని పొద్దుటినుంచీ పోరు పెడుతున్నది నేనే. మా ఆయన మటుకు వెనకాడారు.

"రాజ్యం, రేపొక్కరోజే కదా. ఉండనిద్దాం. ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"పనిలేని వస్తువుని పోషించేవాడు మేనేజరు ఎలా అవుతాడండీ? పంపించేయండి."

పంపించేశారు.

పదకొండో రోజు, ఆఖరి రోజు. ఊరేగింపు సీను తీసేస్తే గుమ్మడికాయ కొట్టేసి షూటింగు ముగించడమే. వీర్రాజు గారు నాకోసం కారు పంపారు. కెమెరాకి హారతిచ్చి, అందరి ముందూ ఆ మాట నా నోటితోనే అనాలట. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. హారతిచ్చి, గొంతు సవరించుకుని, "ఆకాశం నిర్మలం, ముప్పై ఎనిమిది డిగ్రీలు" అన్నాను. చప్పట్లు కొట్టారు. చప్పట్ల శబ్దం ఆగాక కూడా శబ్దం ఆగలేదు. అది జూబ్లీ హిల్స్ వైపు నుంచి ఉరుముతోంది.

నా ముక్కుపుడక మీద ఒక చుక్క పడింది.

"అమ్మా, వాన," అన్నాడు యాదగిరి మెల్లగా.

"వాన కాదయ్యా. ఇవాళ నిర్మలం," అన్నాను. రెండో మాట అనేలోపు చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి చుట్టుకున్నాయి. అయినా నేను ఒప్పుకోలేదు. కంప్యూటరులో లేని వాన నా మీద ఎలా పడుతుంది?

ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటారు. ఆ రోజు ఏనుగు మీద పడింది. ముందు దాని నుదుటి మీది రంగులు కాటికెళ్ళే ముత్తైదువ బొట్టులా కారాయి. చెవి ఒకటి నానబెట్టిన అప్పడంలా వేలాడి, జారింది. తొండం నేలకి సాగింది, ఇంకా సాగింది, తెగింది. చివరికి అది ముంగాళ్ళు మడిచి, నాకేసే వంగి దణ్ణం పెడుతున్నట్టు కూలిపోయింది. "కప్పండి, ఏదైనా కప్పండి," అని మా ఆయన పరిగెడుతున్నారు. కప్పడానికేమీ లేదు. యాదగిరి తన తువ్వాలు తీసి ఏనుగు తల మీద వేశాడు.  

వీర్రాజు గారు తడిసిన చొక్కాతో నా దగ్గరికొచ్చి, "ఆ కంప్యూటరు నేనోసారి చూడాలండీ," అన్నారు.

మా ఇంట్లో శైలజ కూర్చుని పేజీ తెరిచింది. క్లియర్, ముప్పై ఎనిమిది. బయట చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"అమ్మా, పైన తేదీ చూశావా?"

"తేదీకి గోడ మీద క్యాలెండరుంది కదే. ఇందులో చూడటం దేనికి?"

"ఇది పదకొండు రోజుల కిందటి పేజీ. ఆఫ్‌లైన్‌లో పాతదే కనిపిస్తుందని చెప్పబోతుంటే విన్నావా? రోజూ దీన్నే చదివావా?"

 నేను రోజూ ఒకే ఆకాశాన్ని వడ్డించానన్నమాట, పాచి అన్నం తిరగబోసినట్టు.

మా ఆయన చేతులు కట్టుకున్నారు. "టార్పాలిన్లు పంపేసింది నేనండీ. రేపట్నుంచి వేరే మేనేజర్ని చూసుకోండి."

"ఆయన తప్పేం లేదండీ," అన్నాను. "పెళ్ళయ్యాక ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే."

వీర్రాజు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, చాలాసేపు ఆ పేజీనే చూశారు. "పది రోజులు ఇంట్లో కూర్చుని నిర్మలం అన్నారు, వాన రాలేదు. ఇవాళ సెట్టుకొచ్చి అన్నారు, అన్న నిమిషానికి కుండపోత," అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగారు.

"పాపారావు గారూ, ఊరేగింపు ఏనుగు లేకుండా కానిచ్చే ఏర్పాటు చూడండి. మీరు మానేస్తే నాకు కుదరదు. నా తర్వాతి పిక్చర్లో వానపాట ఉందండీ, వారం రోజుల షూటింగు. నీళ్ళ ట్యాంకర్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అక్కయ్యగారిని రోజూ సెట్టుకి తీసుకొచ్చి ఆ మాట ఒక్కటీ అనిపించండి."

వేళాకోళమో, నిజంగానే అన్నారో సినిమావాళ్ళ మొహం చూసి ఎవరు చెప్పగలరు? మా ఆయన మాత్రం జేబులోంచి తడిసిన డైరీ తీసి, తేదీలు రాసుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఇంకా మేనేజరేనని.

కనుక పాఠకులారా, మా ఇంటి ఇలవేల్పు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఎవరు ఎన్ని అరటిగెలలు పంపినా, ఏ పెట్టె ఎంత చప్పున ఏ పేజీ చూపించినా, వాకిట్లోకి వెళ్ళి తలెత్తి చూడనిదే ఆకాశం గురించి నోరు విప్పను. పైగా అలా చూడటానికి ఎవరి ఫోనూ కలపక్కర్లేదు.