తిట్లు తగ్గిన ఆటగాడు

మా ఆవిడ ఇప్పటిదాకా మొక్కిన మొక్కుల్లో అన్నిటికన్నా విచిత్రమైనది ఒకటుంది. భూపాలపల్లిలో కనీసం ఒక్కరైనా తన తమ్ముణ్ణి నోరారా తిట్టాలి, తిడితే కొబ్బరికాయ కొడతాను అని. తోడబుట్టినవాణ్ణి తిట్టించమని దేవుణ్ణి అడిగిన ఆడపడుచు మూడు జిల్లాల్లో ఈమె ఒక్కతే అయి ఉంటుంది. దేవుడు కూడా ఆ దరఖాస్తును రెండుసార్లు చదువుకుని ఉంటాడు.

ఆమెది తప్పు కాదు. ఆమెకు ఆ ఆలోచన పుట్టించింది నేనే.

మా బామ్మర్ది బాస్కెట్‌బాల్ ఆడతాడు. సాయంత్రం పూట పొట్ట తగ్గించుకోవడానికి ఆడే బాపతు కాదు, ఆడినందుకు పైసలిస్తారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు ఊళ్లలోనూ ఈ ఆట పిచ్చి పట్టిన పెద్దమనుషులు తలా ఒక జట్టును పోషిస్తున్నారు. చలికాలమంతా ఒకరి ఊరికొకరు పోయి ఆడతారు. మా వాడిది మహబూబాబాద్ జట్టు. దాన్ని పోషించేది అక్కడి మిర్చి సేటు ఒకాయన. బామ్మర్దికి ముప్పై ఐదేళ్లు, ఆరడుగుల మూడంగుళాలు. మరిపెడలోని మా అత్తగారింట్లో దర్వాజాలన్నీ వాడి నుదురు తగిలి తగిలి పైకి జరిగాయని నా అనుమానం.

అంత పొడుగు మనిషి బుట్టలు దంచి పోస్తాడనుకుంటారు. పోయడు. పన్నెండేళ్లుగా వాడు వేసిన బుట్టల కన్నా మా ఆవిడ పెట్టిన తొక్కు జాడీలే ఎక్కువ. వాడి పని వేరు. అవతలి జట్టులో బాగా వేసేవాడెవడో చూసి, వాణ్ణి వేయనీయకపోవడం. ఆ మనిషి ఎటు కదిలితే అటు కదులుతాడు. తమ ఇద్దరి మధ్య గాలి దూరితే అది తన తప్పే అన్నట్టు మొహం పెడతాడు. ఆ మనిషి పెళ్లికి పోతే పందిట్లో కూడా ఎదురుగా చేతులు చాపి నిలబడతాడేమో.

పోయిన చలికాలం, ఇంకా మూడు ఆటలు మిగిలి ఉండగా, సేటు నన్ను తన దుకాణానికి పిలిపించాడు. నేను జనగామలో తూనికలు కొలతల ఆఫీసులో గుమస్తాను. పాతికేళ్లుగా దుకాణాల కాంటాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని రిజిస్టర్లు రాసి రాసి నాకు ఒక రోగం పట్టుకుంది. ఇంట్లో ఉప్మా వడ్డించినా ఎన్ని గ్రాములుందో చూడకుండా ముద్ద దిగదు.

నేను పోయేసరికి సేటు మిర్చి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. ఒక కాయ తీశాడు. తొడిమె వంచాడు. చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు విన్నాడు. విరిచి వాసన చూశాడు. ఒక దవాఖానలో చేసే పరీక్షలన్నీ ఆ ఒక్క కాయకు చేశాక, “తాలు” అని పక్కకు పడేశాడు. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అంటారు.

“గిదంటే చెయ్యి వెడితె ఎరుకైతది సారూ. మీ బామ్మర్ది సంగతి ఎట్ల ఎరుకగావాలె? బుట్టలెయ్యడు. వేరేటోన్ని ఎయ్యనియ్యకపోవుడే వాని పనాయె. కానిదాన్ని, జరగనిదాన్ని ఏ కాంట మీద పెడ్తం?”

“ఇప్పుడా పరేషాన్ ఎందుకొచ్చింది సేటూ?”

“వచ్చే సీజనుకు పెట్టుకోవాల్నా, ఒద్దా? తాలువడ్డడని మంది అంటున్నరు. ఉన్నడా, పోయిండా నాకు సమజైతలేదు. నువ్వు కొలతల సారువి. మూడాటలు సూడు. ఇంటోడని మొహమాటపడకు.”

అదీ సంగతి. వాడికి వచ్చిన పని అదొక్కటే. దాన్ని ఉంచాలా తీసేయాలా అనేది నా నోటుబుక్కులో పడింది. బామ్మర్దికి కూడా ఈ విషయం తెలుసు. మార్కెట్లో ఒక మర్యాద ఉంది: కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టినప్పుడు రైతు పక్కనే నిలబడతాడు గాని నోరు మెదపడు. వాడూ అట్లాగే ఒక్క మాటే అన్నాడు.

“నీ పని నువ్వు చేసుకో బావా. నేనేం అడగ.”

మొదటి ఆట మా జనగామలో. రెండు వందల పేజీల నోటుబుక్కు, నాలుగు రంగుల పెన్నులు, స్కేలు, మెడలో స్టాప్ వాచీ. అంతరిక్షానికి రాకెట్ పంపేవాళ్లు కూడా ఇంత సరంజామాతో కూర్చోరు. వాడు వేసిన బుట్టలు: సున్న. వాడు లాక్కున్న బాల్: ఒకటి, అదైనా బాలే వచ్చి వాడి మోచేతికి తగిలింది. సరే, వాడు కాపలా కాసే మనిషి వేసిన బుట్టలు రాద్దామనుకుంటే ఇంకో చిక్కు. ఆ మనిషికి చాలాసేపు బాలే రాలేదు. రాకపోవడం మా వాడి గొప్పతనమా, లేక ఆ మనిషంటే అతని జట్టువాళ్లకే పడదా? ఆట సగమయ్యేసరికి నా పేజీ నిండా ప్రశ్న గుర్తులే, కొక్కేలు వేలాడదీసిన దుకాణంలా.

నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎప్పుడో రిటైరైన డ్రిల్లు సారు, జనగామ జట్టు ఓడితే ఆ పూట అన్నం ముట్టడని పేరు. ఆయన మా వాణ్ణి చూపిస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు:

“పోయినేడు గీన్ని సూస్తె కడుపు మండేది. మా పోరన్ని నీళ్లు గూడ తాగనియ్యకపోయేది. ఎన్ని తిట్లు తిట్టిననో! గిప్పుడు సూడు, పాపం, ఎట్ల ఉరుకుతుండో.”

ఆ ‘పాపం’ దగ్గర నా పెన్ను ఆగింది.

పాత రోజులు గుర్తొచ్చాయి. ఏ ఊరు పోయినా మా వాడికి తిట్లతోనే స్వాగతం. జనగామ తిట్లు పొట్టివి, రైలుకు టైమైపోతున్నట్టు తిడతారు. భూపాలపల్లివి బొగ్గు బాయి తిట్లు. అట్టడుగున ఎక్కడో మొదలై, పైకి వచ్చేసరికి చాలాసేపు పడుతుంది, వచ్చాక మాత్రం లారీ నిండుతుంది. ఒక ఏడు అక్కడ ఒక ముసలవ్వ తిట్టడం మొదలుపెడితే, మా బస్సు ఘనపూర్ దాటేదాకా ఆమె గొంతు వినిపించిందని బామ్మర్ది ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. ఇరవై కిలోమీటర్లు ఎక్కువే అనుకుందాం, సగమన్నా నిజమై ఉంటుంది.

వేయాల్సినవాణ్ణి వేయనీయకపోతేనే కదా జనానికి మండేది! బుట్ట పడితే చప్పట్లు, పడనీయకపోతే తిట్లు. జరగనిదాన్ని తూచడానికి నాకు రాయి దొరికింది. వెంటనే రెండు గీతలు కొట్టి ఒకవైపు ‘తిట్లు’, ఇంకోవైపు ‘పాపాలు’ అని రాశాను.

ఇంటికి పోయి గొప్పగా చెబితే మా ఆవిడ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది.

“ఏందీ? నా తమ్మున్ని ఎంతమంది తిడ్తున్నరో కూసోని లెక్కవెడ్తున్నవా? నీ బుక్కు పొయ్యిల వెట్ట!”

“జర ఆగు. తిడితెనే మంచిది. తిడ్తున్నరంటే వాడింకా పని చేస్తున్నట్టు.”

గరిటె కిందికి దిగింది.

“మరి ఇయ్యాల ఎన్ని తిట్లు వడ్డయి?”

“ఒక్కటి గూడ పడలే. నాలుగు పాపాలు, ఒక అయ్యో.”

“గీ ఊరోళ్లకు ఏం రోగమొచ్చింది? నోళ్లు పడిపోయినయా?” అని జనగామ మొత్తాన్ని ఆమే తిట్టింది. ఆ రాత్రే మొక్కు కూడా మొక్కింది.

రెండో ఆట మహబూబాబాద్‌లో, భూపాలపల్లి జట్టుతో. సొంత ఊరు గనక అక్కడి జనం వాణ్ణి తిట్టరు, తిడితే అవతలి ఆటగాళ్లే తిట్టాలి. వాళ్లలో బాగా వేసేవాడు ఒకడున్నాడు, బొగ్గు గనిలో ఉద్యోగం, పాదరసం లాంటి మనిషి. మూడేళ్ల కింద ఇదే కోర్టులో, మా వాడి చేతులు దాటలేక బాల్‌ను నేలకేసి కొడితే అది రేకుల కప్పుకు తగిలి వచ్చింది. ఈసారి అదే మనిషి, మా వాడు తడబడి కింద పడితే చెయ్యందించి లేపాడు. లేపి, వీపు దులిపాడు. దులిపి, జాగ్రత్త చెప్పినట్టు “పైలం అన్నా” అన్నాడు.

నా పెన్ను పాపాల వైపు పోయింది. దెబ్బ తగలకూడని చోట తగిలిందంటే ఇదే. ఒక కాపలా మనిషికి ఎదుటివాడు మర్యాద ఇచ్చాడంటే, ఇక వాణ్ణి చూసి వాడికి భయం లేదన్నమాట.

ఆట అయ్యాక బామ్మర్ది బూట్లు విప్పి మెట్ల మీద పెట్టాడు. కొలతల బుద్ధి ఊరుకోదు, రెండూ తిరగేసి చూశాను. ఎడమ బూటు అడుగు నున్నగా అరిగి అద్దంలా ఉంది. కుడిది నిన్న కొన్నట్టుంది.

“కుడి కాలు మీద బరువు వేస్తలేవు.”

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “మోకాలు బావా. కుడి కాలుతోని తన్నితెనే గద ఎడమకు ఉరుకుడు. ఎవడన్న ఎడమకు కొట్టిండంటే నేను అందుకోలేను.”

“మరి ఇన్నాళ్లు ఎట్ల నెట్టుకొచ్చినవురా?”

“వాడు పోకముందే నేను పోతున్న. భుజం జూస్తె తెలుస్తది ఎటు పోతడో. పన్నెండేండ్ల సంది అదే గద సూసుడు.” బూట్లు చేతిలోకి తీసుకుని అన్నాడు: “అంచనా తప్పితె మాత్రం నా పని ఖతం. యెనుకకు మర్లి రాలేను.”

అప్పటిదాకా వాడి కాళ్లే ఆడుతున్నాయనుకున్నాను. కొన్నేళ్లుగా తలకాయ కాళ్లకు అప్పిచ్చి నడుపుతోందని ఆ బూటు చెప్పింది.

మూడో ఆటకు మా ఆవిడ కూడా బయల్దేరింది. భూపాలపల్లి బస్సులో ఒళ్లో కొబ్బరికాయ పెట్టుకుని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. సేటు కారులో వచ్చి మా ముందు వరసలో కూర్చున్నాడు.

ఆట మొదలైంది. జనం మా వాణ్ణి చూసి చేతులూపారు. ఒకాయన “అన్నా, బాగున్నవా” అని అరిచాడు. మా ఆవిడ పళ్లు పటపటలాడించింది. అప్పటికే ఐదు పాపాలు. మా వాడు ఆ గని మనిషికి తన ఎడమ దారి వదిలేసి నిలబడుతున్నాడు. అతను అటే దూరి దూరి బుట్టలు వేస్తున్నాడు. ఎడమవైపు మా వాడు రాలేడని చిన్నపిల్లలకు కూడా అర్థమైపోయింది. నా పక్కనున్న మా ఆవిడకు మాత్రం అర్థం కాకూడదని నేను నోటుబుక్కు అడ్డం పెట్టాను.

ఆఖరి నిమిషాలు. గని మనిషి మళ్లీ ఎడమకు దూకాడు. దూకి చూస్తే మా వాడు అక్కడ ముందే ఉన్నాడు! ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు, నా స్టాప్ వాచీ చూడలేదు. బస్టాండులో స్తంభంలా పాతుకుని ఉన్నాడు. అతను నేరుగా వచ్చి వాడి ఛాతీకి గుద్దుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. బాల్ పోయి సోడా బండి కింద దూరింది. రెఫరీ ఊది, తప్పు గని మనిషిదే అని చెయ్యి చూపించాడు.

అప్పుడు వచ్చింది, జనంలో ఒకడి నోటి నుంచి. బాయి అడుగు నుంచి, నిదానంగా, నిండుగా.

“నీ కాళ్లిరగ! నీ జాడ మన్నువడ! ఆడికెట్లొచ్చినవురా నువ్వు?”

మా ఆవిడ లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. “ఇంకొక్కసారి తిట్టు బిడ్డా! నీకు పుణ్యముంటది!”

ముందు వరసలో సేటు వెనక్కి తిరిగి చూశాడు. భూపాలపల్లి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. నేను మాత్రం కోర్టు వైపు చూస్తున్నాను. గని మనిషి లేచి దుమ్ము దులుపుకున్నాడు. మా వాడు ఇంకా లేవలేదు. కుడి కాలు మడిచి, చాపి, మళ్లీ మడిచి, ఇద్దరు పట్టుకుంటే లేచాడు. మొహం నిండా నవ్వు. ఆట మేం ఓడిపోయాం. కొబ్బరికాయ మాత్రం పగిలింది.

మర్నాడు పొద్దున మహబూబాబాద్‌లో సేటు దుకాణం. మా ఆవిడ బయట బస్తా మీద కూర్చుంది. నేను నోటుబుక్కు తెరిచి ఉన్నదున్నట్టు చదివాను: మూడు ఆటల్లో తిట్టు ఒకటి, పాపాలు చాలా.

“నా తూకం గిది సేటూ. తలకాయ మంచి రంగు మీదున్నది. కాలు తాలువడ్డది.”

బామ్మర్ది పక్కనే నిలబడ్డాడు. నోరు మెదపలేదు.

సేటు భుజం మీది రుమాలు తీశాడు. ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలో నడుస్తున్నా, ఆయనది తండ్రినాటి పద్ధతి: రుమాలు కింద ఇద్దరూ చేతులు కలిపి, ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, మూడోవాడికి తెలియదు. రుమాలు బామ్మర్ది చేతి మీద కప్పాడు. లోపల కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. సేటు కనుబొమ్మలు పైకి పోయాయి. నా మెడ రెండడుగులు సాగింది గాని గుడ్డ కింద ఏమీ కనబడలేదు. “సరే” అన్నాడు సేటు. రుమాలు మళ్లీ భుజం మీదికి పోయింది.

బామ్మర్ది స్టేషనులో మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చినప్పుడు నేనిక ఆగలేకపోయాను.

“పైసలు ఎంతకు తెగ్గొట్టిండురా?”

“పైసల ముచ్చట గాదు బావా. నిమిషాలు. వేలుకు పది. మొన్నటిదాంక నాలుగు వేళ్లు, ఆటంతా నేనే. సేటు ఇయ్యాల మూడు పట్టిండు.”

“మూడా! మరి నా తూకం విన్నాక కూడ మూడిచ్చిండా!”

“నేనే రెండు ముడిచిన.”

పాతికేళ్ల ఉద్యోగంలో కాంటా కింద అయస్కాంతం పెట్టినవాణ్ణి చూశాను, రాళ్లకు అడుగున తొలిచినవాణ్ణి చూశాను. అమ్మేవాడు తన సరుకు తక్కువని తానే వేళ్లు ముడవడం అప్పుడే చూశాను, అది కూడా రుమాలు కింద, చూడకుండా.

“ఎందుకు తమ్మీ?” అంది మా ఆవిడ.

“పది నిమిషాలైతె తిట్టించుకుంటనక్కా. అది దాటితె పాపం అంటరు.”

రైలు వస్తున్నట్టు చెప్పారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, సంచి సర్దుకుని, అసలు విషయం అడిగింది.

“ఏ పది నిమిషాలురా మరి?”

“ఆఖరి పది. తిట్లన్ని ఆన్నే ఉంటయి.”