సైన్యం బండికి ట్రాక్టర్ ముక్కు

ఏప్రిల్ మూడో వారం, మధ్యాహ్నం ఒంటిగంట. కళ్యాణదుర్గం దాటి పన్నెండు కిలోమీటర్లు. ఎర్రమట్టి, గుండ్రాళ్ళు, ఎండిన చేలు. మంచుకొండల్లో పనిచేసే నన్ను, కొత్త బండిని దుమ్ములో పరీక్షించాలని సైన్యం మా తాలూకాకే పంపింది. ఇంకెవరికైనా అయితే శిక్షే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ప్రైవేటు కంపెనీలు సైన్యానికి బండ్లు చేయడం అప్పుడప్పుడే మొదలైంది. ఈ కంపెనీ సబ్బులు, సిమెంటు, ట్రాక్టర్లు కూడా చేస్తుంది. వాళ్ళ సబ్బుతో ముఖం కడుక్కుని వాళ్ళ బండి ఎక్కేవాణ్ణి. నేను డ్రైవర్ని. ఎనిమిదిలోనే బడి మానేశాను. ఆ సంగతి బండికి చెప్పలేదు.

అది నెగ్గాలని నాకు పట్టుదల. అంతకు ముందు ఏడాది కొండదారిలో పాత బండి ఆగిపోతే, గాయపడిన గన్నర్‌ను నలభై నిమిషాలు వీపున మోశాను. బతికాడు. కాలు పోయింది.

షరతు: ఆగకుండా నూట ఇరవై కిలోమీటర్లు. మూడు అవకాశాలు. మొదటి రోజు అరవైలో ఆగింది. రెండో రోజు యాభైలోనే, ఈ ఎర్రమట్టిలో.

“ఎక్కడున్నావ్?” రేడియోలో సుబేదార్.

“నిన్న ఉన్నచోటికి దగ్గర్లోనే సార్.”

“రేపు బాగుచేసుకోండి. ఎల్లుండి ఆఖరిసారి. ఆగితే మళ్ళీ పాత బండ్లే.”

గాలి ఫిల్టర్ విప్పితే పిడికెడు ఎర్రమట్టి రాలింది. నా వెంట వచ్చిన కంపెనీ ఇంజనీర్ ముఖం వేలాడేశాడు.

“సార్, కళ్యాణదుర్గంలో మీ కంపెనీ ట్రాక్టర్ షెడ్డు ఉండాది. ఇదే దుమ్ములో మీ ట్రాక్టర్లు ఏండ్లుగా తిరుగుతాండాయి. వాళ్ళనడిగినారా?” అన్నాను.

“అది వేరే విభాగమండీ. వాళ్ళతో మాకు పని పడలేదు.”

“ఒకే ఇంట్లో అన్నదమ్ములు పలకరించుకోకుంటే ఎట్ల సార్?”

మర్నాడు ఎనిమిదింటికి బండిని షెడ్డుకు తీసుకెళ్ళాం. అక్కడి మెకానిక్ మడకశిర మనిషి. కిందికి దూరి, నవ్వుతూ బయటికొచ్చాడు.

“ఏమప్పా, గాలి పీల్చే గొట్టం టైరు పక్కన పెట్టినారు? మనిషికి ముక్కు మోకాలికాడ పెడితే బతుకుతాడా?”

“పైన పెడితే ఎత్తు పెరుగుతుంది. శత్రువుకు కనిపిస్తుంది,” అన్నాడు ఇంజనీర్.

“ఆగిపోయిన బండి ఇంకా బాగా కనిపిస్తాది సార్.”

ఇంజనీర్ నవ్వలేదు. ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ముప్పావుగంట హెడ్డాఫీసుతో మాట్లాడాడు. తిరిగొచ్చి, “మార్చండి” అన్నాడు. సాయంత్రం ఆరుకల్లా ట్రాక్టర్ గొట్టం బానెట్ పక్కనుంచి పైకి లేచింది.

ఆ మర్నాడు ఏడుంబావుకు ఆఖరిసారి బయలుదేరాను. యాభై దాటింది. అరవై దాటింది.

“ఎక్కడున్నావ్?”

“ఆగితే కదా సార్ చెప్పేది!”

పదకొండూ నలభైకి నూట ఇరవై పూర్తయింది. అక్కడ కాచుకుని ఉన్న సుబేదార్ టోపీ తీసి బండిమీద పెట్టాడు. ఇంజనీర్ షెడ్డుకు పోయి మెకానిక్ కొలతలన్నీ రాసుకున్నాడు.

గుంతకల్లులో రైలెక్కి యూనిట్‌కు తిరిగి వెళ్ళాను. తర్వాత మాకు వచ్చిన బండ్లన్నింటికీ ముక్కు పైనే ఉంది. ఆ కొండదారిలో ఇంకెవరినీ వీపున మోయలేదు. పత్రాల మీద కంపెనీ పేరుంది. మెకానిక్ పేరూ, నా పేరూ లేవు. అయినా నా రొమ్ము ఇప్పటికీ రెండంగుళాలు ముందుకే ఉంటుంది.

కళ్ళు మూస్తే ఒక్కటే కనిపిస్తుంది. ఆఖరిసారి బయలుదేరినప్పుడు మెకానిక్ బండి పక్కనే పరుగెత్తాడు. దారి చూడటం లేదు, నన్ను చూడటం లేదు. తల పక్కకు వంచి, చెవి ఇంజన్ వైపు పెట్టి, చెప్పులు ఊడిపోయినా ఆగకుండా.